మనుష్యుల బొమ్మలు, మన పిల్లలు



నేను గాజులరామారము వాస్తవ్యుడను. నేడు ఈ పేరు వినినవారికి జీడిమెట్ల కర్మాగారములును, అంతస్తుల మేడలును, హైదరాబాదు మహానగరపు ఉత్తరపు టంచును జ్ఞప్తికి వచ్చును. నా చిన్ననాడు అది పొలములును, గుట్టబండలును, చెరువులును గల పల్లె. చిత్తారమ్మ తల్లి జాతర వచ్చినప్పుడు చుట్టుపట్ల ఊళ్ల బండ్లు మా యూరికి చేరెడివి. ఇప్పుడు మీతో చెప్పబోవునది ఆ పల్లెలో మొదలైన ముచ్చట.

ఒక యేడు పంట లిండ్లకు చేరిన పిదప కాకిపడగలవారు మా వాడకు వచ్చిరి. రెండు గుంజలు పాతి, అడ్డముగా వెదురు కట్టి, దానికి పటము వ్రేలాడదీసిరి. దీపపు వెలుగున ఎఱ్ఱని గుడ్డమీద మనుష్యులు కనబడిరి. కథకుడు చేతి బెత్తముతో ఒక్కొక్కరిని చూపుచు, ఇతడు ధర్మరాజు, ఇతడు భీముడు, ఈమె ద్రౌపది యని పాడుచుండెను. నాకప్పటికి ఆరేండ్లుండవచ్చును. అక్షరములు రావు. అయినను భీముని కోపమెట్టిదో, ద్రౌపది దుఃఖమెట్టిదో ఆ రాత్రి కన్నులతో నేర్చుకొంటిని. నేను జూచిన మొదటి చిత్రకళ యదియే. అది కళ యని నా కెవ్వరును జెప్పలేదు. చెప్పవలసిన పనియు లేకుండెను.

ఇక రెండవ ముచ్చట నిరుటిది. ఏడేండ్ల నా మనుమరాలిని వెంటబెట్టుకొని నగరములోని యొక ప్రదర్శనశాలకు పోయితిని. అచ్చట అద్దము వెనుక అట్టి పటమే యొకటి యున్నది. పిల్ల దాని యెదుట నిలిచి, "తాతా, ఈయనెవరు?" అని యడిగెను. మీసములు మెలిపెట్టి, చేయెత్తి నిలిచిన పురుషుడొకడా బొమ్మలో నున్నాడు. నేను కన్నద్దములు సవరించుకొని చూచితిని. తెలియలేదు. పక్కనున్న చీటీ చదివితిని. గుడ్డమీద రంగులు అని యున్నది, కాలము వ్రాసియున్నది, ఆ మనిషి పేరు లేదు. "ఎవరో రాజులే, పద" యని పిల్లను ముందుకు నడిపించితిని. అది రెండుమూడు మారులు వెనుదిరిగి చూచెను. ఆ తరువాత ఏ బొమ్మ యొద్దను నన్నేమియు నడుగలేదు. ఇంటికి వచ్చినను ఆ మాట నా మనస్సును వదలలేదు. ఆరేండ్ల వయస్సున నాకు లభించిన జవాబు, డెబ్బదేండ్లు దాటిన పిదప నా మనుమరాలికి నేను ఈయలేకపోయితిని.

నేటి నా ప్రసంగము ఈ లోపమును గూర్చినది. పిల్లలను కళకు పరిచయము చేయుటకు మన దేశమున అనాదిగా నున్న ద్వారము మనుష్యుల బొమ్మ. ఆ ద్వారము మూతబడలేదు. దాని యొద్ద నిలిచి పేరు చెప్పు మనిషి మాత్రము తొలగిపోయినాడు.

ముందుగా పిల్లల సంగతి చూతము. బలపము పట్టిన శిశువు మొదట గీతలు గీయును, పిదప సున్నలు చుట్టును. మూడు నాలుగేండ్ల ప్రాయమున ఆ సున్నకు రెండు కన్నులు పెట్టి, దాని క్రిందనే రెండు కాళ్లు దించును. కడుపు లేదు, మెడ లేదు. అయినను అది మనిషియే. అమ్మ యని చూపును, నాయన యని చూపును. ఇది మన యూరి పిల్లలకే గాదు, లోకమందలి పెక్కు దేశముల పిల్లలకు సమానము. ఇటలీ దేశమున కొరాడో రిచ్చీ యను పండితుడు 1887లో పిల్లల చిత్రములపై ఒక పుస్తకము ప్రకటించి, పెద్దలు నవ్వి పారవేయు ఆ గీతలను విద్వాంసుల దృష్టికి తెచ్చెను. వియన్నా నగరమున ఫ్రాంజ్ చిజెక్ 1897లో పిల్లల కొరకు చిత్రకళా తరగతి తెరచి, పెద్దల బొమ్మలను చూచి నకలు వ్రాయుమనక, తమకు తోచినది తమ రీతిని వ్రాయనిచ్చెను.

పిల్లల మనిషిబొమ్మలో మూడు లక్షణములు గమనింపదగినవి. పిల్లవాడు తనకు ముఖ్యుడైన వానిని పెద్దగా వ్రాయును. తల్లి మేడకంటె ఎత్తుగా నుండవచ్చును. ఒకే మనిషిని ఒకే కాగితముపై రెండు చోట్ల వ్రాసి, ఇక్కడ పోవుచున్నాడు, ఇక్కడ వచ్చినాడు అనును. ఇక మూడవది, చూపులు. ఎవరు ఎవరిని జూచుచున్నారో ఆ వైపునకే ముఖములు త్రిప్పును. ఛాయాచిత్రములకు అలవాటుపడిన మనకు ఇవి తప్పులుగా దోచును. మన ప్రాచీన శిల్పులకు, చిత్రకారులకు ఇవి తప్పులు గావు. వారి వ్యాకరణమే ఇది.

ఇందుకు తొలి సాక్ష్యము కృష్ణాతీరమున అమరావతి. ఆ స్తూపపు శిలాఫలకములు రెండువేల యేండ్లనాటివి మొదలుకొని యున్నవి. పదునెనిమిదవ శతాబ్ది చివర కర్నల్ కాలిన్ మెకంజీ వానిని జూచి లోకమునకు దెలిపెను. 1845లో సర్ వాల్టర్ ఎలియట్ త్రవ్వించి అనేక ఫలకములను చెన్నపట్టణమునకు చేర్చెను. వానిలో పెక్కు తరువాత లండనుకు పోయినవి. నేడు ఆ శిల్పసంపద చెన్నై ప్రభుత్వ ప్రదర్శనశాలయందును, లండనులోని బ్రిటిష్ మ్యూజియమునందును, కొంత అమరావతియందును గలదు.

చెన్నైలోని ఒక గుండ్రని ఫలకమును గూర్చి చెప్పెదను. అది నాళగిరి యను మదపుటేనుగు కథ. దేవదత్తుని దురాలోచనచే ఆ యేనుగును బుద్ధునిపైకి వదలిరి. శిల్పమున ఏనుగు రెండుమార్లు గలదు. ఒకవైపు వీథిలో మనుష్యులను త్రొక్కి, ఒకని తొండముతో పట్టియున్నది. మరియొకవైపు అదియే బుద్ధుని పాదముల యొద్ద మోకరిల్లియున్నది. మేడలనుండి జనులు వంగి చూచుచున్నారు. ఒక స్త్రీ భయముతో వెనుకకు ఒదిగినది. ఏనుగులు రెండా, ఒకటియా యని చదువుకొన్న పెద్దవాడు సందేహపడవచ్చును. పిల్లవానికి సందేహము లేదు. వాడును అట్లే వ్రాయును గదా.

అమరావతి తొలినాటి ఫలకములలో ఇంకొక వింత యున్నది. వానిలో బుద్ధుని మనుష్యరూపమున చెక్కలేదు. ఖాళీ పీఠమో, పాదముల గుర్తులో మాత్రమే యుండును. చుట్టునున్నవారందరు ఆ పీఠమువైపు చేతులు మోడ్చి చూచుచుందురు. "ఇందరు ఎవరిని చూచుచున్నారు?" అని మీరొక పిల్లవాని నడుగుడు. వాడు ఒక్కొక్కరి చూపును వ్రేలితో వెంబడించి, ఖాళీ పీఠమును ముట్టి చూపును. లేని మనిషిని చూపులచేత చూపించుట ఎంతటి కళయో వానికి వేరుగా బోధింపనక్కరలేదు.

అమరావతినుండి పడమరకు పోయి అజంతా గుహలను చూతము. అవి నేడు మహారాష్ట్రములో నున్నవి గాని, 1948 వరకు హైదరాబాదు నిజాము రాజ్యములోనివి. కావున వాని రక్షణచరిత్ర మన హైదరాబాదు చరిత్రలో భాగము. 1914లో ఏర్పడిన హైదరాబాదు పురావస్తుశాఖకు గులాం యజ్దానీ అధిపతిగా నుండెను. రాలిపోవుచున్న గోడచిత్రములను నిలబెట్టుటకు 1920లో ఇటలీనుండి చెక్కోనీ మొదలగు నిపుణులను రప్పించిరి. యజ్దానీ సంపాదకత్వమున అజంతా చిత్రముల సంపుటములు నాలుగు 1930 మొదలు 1955 వరకు వెలువడినవి. సయ్యద్ అహమ్మద్, మహమ్మద్ జలాలుద్దీన్ అను చిత్రకారులు గుహలయందు కూర్చుండి ఆ చిత్రములకు ప్రతులు వ్రాసిరి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులో 1930లో నెలకొల్పబడిన పురావస్తు ప్రదర్శనశాలకు అజంతా ప్రతులు చేరినవి. మా మేడ్చలు ప్రాంతపు వారికి అజంతా దూరము, నాంపల్లి దగ్గర.

అజంతా పదునేడవ గుహలో ఒక చిత్రము గలదు. అది అయిదవ శతాబ్దినాటిది. బుద్ధుడు భిక్షాపాత్రతో తన యూరికే తిరిగి వచ్చియున్నాడు. యశోధర తన బిడ్డయగు రాహులుని ముందు నిలిపి, తండ్రిని చూపుచున్నది. బుద్ధుడు చాల పెద్దవాడుగాను, తల్లీబిడ్డలు చాల చిన్నవారుగాను వ్రాయబడిరి. అంత పెద్దగా నేల వ్రాసిరని పెద్దవాడు ప్రశ్నించును. బిడ్డ కన్నులకు తండ్రి అట్లే కనబడునని పిల్లవాడు చెప్పకయే యెఱుగును. ఏండ్లకొలది ఇల్లువిడిచిన తండ్రి గుమ్మములో నిలువగా బిడ్డ తల పైకెత్తి చూచుచున్నాడు. పనికై దూరదేశములకు పోయి తిరిగివచ్చిన తండ్రులను మన పల్లెలు ఎన్ని యెఱుగవు? ఈ బొమ్మ అర్థమగుటకు బౌద్ధధర్మము చదువనక్కరలేదు. ఆ మువ్వురి పేర్లు ఎవరైన చెప్పిన చాలును.

ఇప్పుడు మన తెలంగాణపు పటమునకు వత్తము. సిద్దిపేట జిల్లాలోని చేర్యాల దీనికి ప్రసిద్ధి. ఈ పని చేయువారిని నకాషీలందురు. నక్ష్ అను అరబ్బీ మాటనుండి ఆ పేరు వచ్చినది. చేతినేత గుడ్డ తీసికొని, దానికి గంజి, తెల్లసుద్ద, చింతగింజల అంబలి, చెట్టు జిగురు కలిపి పూతపూసి ఆరబెట్టుదురు. చింతగింజల పాకము గుడ్డను గట్టిపరచి, పురుగు పట్టకుండ కాపాడును. ఆరిన గుడ్డపై ఉడుత వెండ్రుకల కుంచెతో బొమ్మ వ్రాయుదురు. వెనుకతలమంతయు ఎఱుపు. దానిపై నీలము, పసుపు, తెలుపు, నలుపు. తుదకు సన్నని నల్లరేఖలతో ముఖములు, నగలు తీర్చుదురు. వెడల్పు సుమారు 3 అడుగులు. పొడవు 40 అడుగులు దాటిన పటములును గలవు. పటమును చుట్టగాచుట్టి, కథ సాగినకొలది విప్పుచు పోదురు. పూలతీగల అంచులు ఒక ఘట్టమును మరియొక ఘట్టమునుండి వేరుచేయును.

ఈ పటములు రాజుల కొరకు వ్రాసినవి గావు. ఒక్కొక్క కులమునకు దాని పుట్టుకకథ చెప్పు ఆశ్రితకులమొకటి యుండెడిది. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథలు చెప్పిరి. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయుని, భావనాఋషి కథను చెప్పిరి. గౌడులకు గౌడజెట్టివారు, మాదిగలకు జాంబపురాణము చెప్పు డక్కలివారు గలరు. గొల్లల కొరకు మందహెచ్చులవారు కాటమరాజు కథను గుడ్డపటముతో గాక కొయ్యబొమ్మలతో చెప్పిరి. ఆ బొమ్మలును నకాషీల చేతిపనియే. బడికి పోయెడు అవకాశము లేని కులముల పిల్లలకు ఇది చరిత్రపాఠము, కళాపాఠము గూడను. మగ్గమును, తాటిచెట్టును, చెప్పులుకుట్టు ఆరెను, గొఱ్ఱెలమందను దేవతల సరసన చూచిన పిల్లవానికి తన తండ్రి పని బొమ్మకెక్కదగినదేనని తెలిసెడిది. తన యింటివంటి మనుష్యులు పటములో నుండుట చిన్న సంగతి కాదు.

పటము పుట్టుకయు, అంతమును గూడ మనుష్యుని వలెనే. క్రొత్తపటమునకు పూజచేసి కథకు దించెడివారు. చినిగి, రంగుదిగి, పనికిరాక పోయిన పటమును చెత్తలో వేయక, విధిప్రకారము నీటిలో కలిపెడివారు. అందుచేతనే పాతపటములు మనకు తక్కువగా మిగిలినవి. హైదరాబాదులో స్థిరపడిన జగదీశ్ మిట్టల్, కమలా మిట్టల్ దంపతులు వెదకి సేకరించుట వలన కొన్ని దక్కినవి.

పటమువలెనే తోలుబొమ్మయు పిల్లల గురువు. పదుమూడవ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున బొమ్మలాటలను పేర్కొనెను. రావణుడు తెరనిండ నిలుచును. అతని నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క చిన్నబొమ్మలై దూరి నవ్వించుదురు. పెద్ద మనిషి పెద్ద బొమ్మ యను వ్యాకరణము ఇచ్చటను నిలిచినది.

తరువాత ఇంగ్లీషు చదువులు వచ్చినవి. బడిలో చిత్రలేఖనమనగా మొదట సరళరేఖ, పిదప వృత్తము, ఆ పిదప కూజా, పెట్టె. మనిషి తుట్టతుదకు; పెక్కుమంది పిల్లలు ఆ తుదకు చేరకయే చదువు మానివేసిరి. ఈ త్రోవను కాదని నడచినవారును మన దేశమున లేకపోలేదు. రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయముగా చిత్రకారుడు. తన చుట్టునున్న తెలుగుబిడ్డలలో దామెర్ల రామారావును, అడివి బాపిరాజును ఆయన గుర్తించి ప్రోత్సహించెను. రామారావు 1897లో జన్మించి, బొంబాయి జె.జె. కళాశాలయందు చదివి, పుష్పాలంకరణము, సిద్ధార్థ రాగోదయము మొదలగు చిత్రములలో తెలుగు స్త్రీపురుషుల రూపమును నిలిపెను. తాను నేర్చినదానిని దాచుకొనక రాజమహేంద్రవరముననే చిత్రకళాశాల నెలకొల్పి పిల్లలకు నేర్పెను. 1925లో మశూచికముచే, ఇరువదియెనిమిదేండ్లయినను నిండకుండ గతించెను. ఆయన చిత్రములు నేటికిని రాజమహేంద్రవరమున ఆయన పేరిటి చిత్రశాలలో గలవు.

మన తెలంగాణమున 1925లో సిద్దిపేటయందు జన్మించిన కాపు రాజయ్య చిత్రలేఖనోపాధ్యాయుడుగా పనిచేసెను. తమ యూరి నకాషీల పనియే ఆయనకు తొలి ప్రేరణ. బోనమెత్తిన స్త్రీలను, రాళ్లుకొట్టు వడ్డెరలను, పల్లెపనులను జీవితకాలము వ్రాసి 2012లో దివంగతుడయ్యెను. కరీంనగరు ప్రాంతపు బూరుగుపల్లెలో 1942లో జన్మించిన తోట వైకుంఠము చిన్ననాట ఊరికి వచ్చిన నాటకబృందములలో స్త్రీవేషధారులను జూచి ముగ్ధుడయ్యెను. పెద్ద కుంకుమబొట్టు, నిండు చీర, నల్లని మేని కాంతి గల తెలంగాణ స్త్రీని ఆయన దేశదేశములకు పరిచయము చేసెను. ఈ యిద్దరును పిల్లలుగా నున్నప్పుడు చూచినది కూజాలు గాదు, మనుష్యులు.

రేడియోలో మాటలాడుచు రేడియో అన్నయ్యను తలపకుండుట న్యాయము కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమము నడపి, రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య యని తెలుగుబిడ్డలచే పిలువబడిరి. రేడియో మాటను మోయును గాని బొమ్మను మోయలేదు. ఆ దంపతులు 1945లో "బాల" పత్రికను స్థాపించినప్పుడు పిల్లలకు మాటతోపాటు బొమ్మయు అందినది. పిల్లలు వ్రాసిన బొమ్మలకును అందు చోటు దొరికెను. తరువాతి కాలమున తెలుగువారి మనుష్యులను గీతలలో నిలిపిన బాపు బొమ్మలు తొలుత అచ్చయినది ఆ పత్రికయందే. 

పెద్దలారా, చరిత్ర ఇంతవరకు చెప్పితిని. ఇప్పుడు నష్టము సంగతి చెప్పవలెను. చేర్యాలలో ఈ పని తెలిసిన కుటుంబములు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే మిగిలినవి. ప్రభుత్వము వారిలో కొందరిని సన్మానించినది. ఆ చిత్రములకు భౌగోళిక గుర్తింపును లభించినది. బేరములును గలవు. కాని కొనువారు గోడకు తగిలించుటకు ఒక్క ఘట్టము మాత్రమే అడుగుచున్నారు. నలువదియడుగుల కథ అడుగున్నర చట్రములో ఇముడవలసి వచ్చినది. కథకులకు పిలుపులు తగ్గినవి. సినిమా వచ్చెను, టెలివిజను వచ్చెను, నేడు పిల్లల చేతిలో సెల్ ఫోను వచ్చెను. దోషము ఏ యొక్కరిది యనను. బొమ్మ ఒకచోట, కథ ఒకచోట అయినవి. బొమ్మను అద్దము వెనుక భద్రపరచవచ్చును. కథను భద్రపరచు అద్దము మనమే. మనము పోయిన దినమున అదియు పగులును.

ఇది తలచుకొనియే నేను మొన్నటి వేసవిలో మనుమరాలిని వెంటబెట్టుకొని చేర్యాలకు పోయితిని. అచ్చట ఒక చిత్రకారుడు కుంచె పట్టి యుండగా పిల్ల ఆయన ప్రక్కన కూర్చుండి, తన పాతప్రశ్న అడిగెను: "ఈయనెవరు?" ఆయన వెంటనే పేరు చెప్పలేదు. "నువ్వే చూసి చెప్పు బిడ్డా. కోపంగ ఉన్నడా, భయపడుతున్నడా?" అనెను. పిల్ల తేరిపారజూచి, "కోపం. కండ్లు పెద్దగున్నయి, చెయ్యి పైకి లేచింది" అనెను. "ఎవరిమీద?" అనెను ఆయన. పిల్ల చూపును వెంబడించి బొమ్మ కొనవరకు పోయెను. అక్కడ తలవంచిన మరియొకడున్నాడు. అప్పుడు గాని ఆయన కథ యెత్తుకొనలేదు. నేను నోరుమూసికొని వింటిని. ప్రదర్శనశాలలో నేను పేరు తెలియక సిగ్గుపడితిని. నిజమునకు సిగ్గుపడవలసినది పేరు తెలియనందుకు గాదు. ప్రక్కన కూర్చుండి చూడకుండ పిల్లను ముందుకు త్రోసినందుకు.

కావున మీకు నా విన్నపమొకటి. మనకు చిత్రకళాశాస్త్రము రాకపోవచ్చును. కాని దేవాలయపు మండపస్తంభముమీద మల్లురు కుస్తీపట్టుచుందురు, నర్తకి కాలెత్తియుండును. ఊరి నడుమ వీరగల్లుమీద కత్తిపట్టిన వీరుడు నిలిచియుండును. బోనాలనాడు పోతరాజు పసుపుపూసుకొని వచ్చును. ఇంటి గోడమీద తాతముత్తాతల ఫొటోలు గలవు. వారమున కొకనాడైన పిల్లవానిని వీనిలో ఒకదాని యెదుట కూర్చుండబెట్టి, మూడు ప్రశ్న లడుగుడు: ఎవరు పెద్దగా నున్నారు? ఎవరు ఎవరిని చూచుచున్నారు? చేతులేమి చేయుచున్నవి? పిల్లవాడు చెప్పిన పిదప మీకు తెలిసిన కథ చెప్పుడు. తెలియనిచో, తెలియదని చెప్పి, తెలిసినవారి యొద్దకు ఇద్దరును గలసి పొండు. వాడు బొమ్మ వ్రాసినప్పుడు చేతులు పొడవైనవని దిద్దకుడు. ఆ చేయి అంత పొడవేల యైనదో అడుగుడు. దేనినో అందుకొనుటకు చాచియుండును.

ముగింతును. చేర్యాలనుండి వచ్చిన వారమునకు నా మనుమరాలు పాత క్యాలెండరు కాగితములను వెనుకకు త్రిప్పి, ఒకదాని కొకటి అతికించి, తన పటము వ్రాసెను. వెనుకతలమంతయు ఎఱుపు. తల్లి అందరికంటె పెద్దది. తండ్రి రెండుచోట్ల నున్నాడు. ఒకచోట కర్మాగారమునకు పోవుచు, ఒకచోట తిరిగి వచ్చుచు. తమ్ముడు, పక్కింటివారు, మా వీథి కుక్కయు గలరు. ఎంత వెదకినను నేను కనబడలేదు. "నేనెక్కడ బిడ్డా?" అని యడిగితిని. అది నా చేతికి ఒక పుల్ల ఇచ్చి, పటమును గోడకు అంటించి, దాని ప్రక్కన నన్ను నిలువబెట్టెను. "నువ్వు పటంల ఉండవు తాతా. నువ్వు కథ చెప్పాలె" అనెను.

పెద్దలారా, మన చోటు అది.